గిన్నె బాకీ

ఇంట్లో వండిన పదార్థాన్ని నలుగురికీ పంచితే మనుషుల మధ్య ఆప్యాయత పెరుగుతుందని చాలాకాలంగా ఒక ప్రచారం జరుగుతోంది. ఆ ప్రచారాన్ని ఖండించడం నా ఉద్దేశం కాదు. అయితే ఆప్యాయత అనే మెత్తని మాట చాటున ఎంత కఠినమైన అప్పుల వ్యవస్థ నడుస్తున్నదో, దానిలో గడువులు, వడ్డీలు, ఎగవేతదారులు, జామీనుదారులు ఏ విధంగా కుదురుకుని ఉన్నారో ప్రజల దృష్టికి తేవలసిన బాధ్యత ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి. వంట రానివాడిని, అందువల్ల ఇచ్చేవారి వర్గంలో ఎన్నడూ చేరనివాడిని, పుచ్చుకునేవారి పక్షాన మాత్రం సుదీర్ఘ అనుభవం గడించినవాడిని కనుక ఆ అర్హత నాకే ఎక్కువగా ఉందని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

వ్యవహారం ఎప్పుడూ సాయంత్రం పూట కాలింగ్ బెల్ మోతతో మొదలవుతుంది. తలుపు తీస్తే ఎదురుగా పై అంతస్తు వదినగారు, ఆమె చేతిలో గిన్నె, గిన్నె మీద బోర్లించిన పళ్లెం, చెయ్యి కాలకుండా అడుగున నాలుగు మడతలు పెట్టిన గుడ్డ కనిపిస్తాయి. "ఏమీ లేదు అన్నయ్యగారూ, ఊరికే కొంచెం చేశాను, రుచి చూడండి" అంటారామె. ఇంత చిన్న వాక్యంలో ఇన్ని అసత్యాలు ఇమిడించడం కోర్టుల చుట్టూ తిరిగి ఆరితేరిన సాక్షులకు కూడా చేతకాదు. "ఏమీ లేదు" అన్న వస్తువు బరువుకు నా మణికట్టు వంగిపోయింది. "ఊరికే" చేసినదాని వాసన మధ్యాహ్నం రెండు గంటల నుంచి మెట్లన్నీ దిగి మా ఇంటి దాకా వస్తూనే ఉంది. ఇక "కొంచెం" అన్నది ఇద్దరు మనుషులకు రెండు పూటలు సరిపోయేటంత ఉంది. పుచ్చుకునే పక్షం కూడా సత్యసంధతలో ఏమంత తీసిపోలేదు. "అయ్యో, మీకెందుకమ్మా ఇంత శ్రమ!" అని నేను నొచ్చుకుంటాను. ఆ మాట అంటూ చేతులు వెనక్కు కట్టుకున్నవారిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

ఈ మర్యాదల పర్వం గుమ్మంలోనే సాగుతుందన్నది గమనించవలసిన విషయం. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచవద్దని, వేడిగా ఉంచదలచుకుంటే 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా ఉంచదలచుకుంటే 5 డిగ్రీల లోపల ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మధ్యనున్న ఉష్ణోగ్రతల్లో సూక్ష్మజీవులు తామరతంపరగా పెరుగుతాయి. మా గుమ్మంలో జరిగే సంభాషణ సరిగ్గా ఆ రెండు హద్దుల మధ్యనే జరుగుతుంది. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, నీళ్ల మోటారు మరమ్మతు ఒకదాని తరువాత ఒకటి చర్చకు వస్తుండగా గిన్నె నా చేతిలో క్రమంగా చల్లారుతూ ఉంటుంది. స్నేహం వేడెక్కుతున్న కొద్దీ కూర ప్రమాదస్థితికి చేరుకుంటుందన్న ఈ సూత్రాన్ని ఆ సంస్థవారు ఇంకా తమ మార్గదర్శకాల్లో చేర్చలేదు.

ఈ వ్యవస్థకు సిద్ధాంతం లేకపోలేదు. ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో వెలువడిన తన వ్యాసంలో, పసిఫిక్ దీవుల ఆచారాల నుంచి ప్రాచీన రోమన్ చట్టాల దాకా గాలించి, ఇచ్చిపుచ్చుకోవడంలో మూడు విధులు ఉన్నాయని తేల్చాడు: ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం. మూడూ మనస్ఫూర్తిగా జరిగినట్టు కనిపిస్తాయి కాని మూడింటిలో ఏ ఒక్కటీ తప్పించుకోవడానికి వీలులేనిది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక్క రోజు కూడా అద్దెకు ఉండకుండానే ఆయన ఇంత కచ్చితంగా ఎలా రాయగలిగాడన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇంగ్లీషులో కానుక అని అర్థమిచ్చే గిఫ్ట్ అన్న పదానికే జర్మన్ భాషలో విషమన్న అర్థం ఉండటాన్ని కూడా ఆయన ప్రత్యేకంగా పట్టించుకున్నాడు. మా ఇంట్లో మొదటి ముద్ద ఎవరు తినాలన్న చర్చ వచ్చినప్పుడల్లా నేను ఈ భాషాశాస్త్ర విశేషాన్ని గుర్తుచేస్తూ ఉంటాను. ఆ గౌరవం ఎప్పుడూ నాకే దక్కుతుంది.

మోస్ చెప్పినదానికి ఒక ముఖ్యమైన సవరణను పియేర్ బోర్డ్యూ అనే మరో ఫ్రెంచ్ పండితుడు 1972లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. అసలు కిటుకంతా వ్యవధిలో ఉందట. పుచ్చుకున్న వెంటనే తిరిగి ఇచ్చివేస్తే అది తిరస్కారంతో సమానం. పుచ్చుకున్న వస్తువునే తిరిగి ఇచ్చినా అంతే. మధ్యలో కొంత కాలం గడవాలి, ఇచ్చేది వేరుగా ఉండాలి. అప్పుడే ఇద్దరూ ఇది అప్పు కాదని నటించగలుగుతారు. ఈ సంగతి నేను ఆరు నెలల ముందు చదివి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే కలిగేది కాదు.

ఆరు నెలల క్రితం నేను ఒక సంస్కరణకు పూనుకున్నాను. బాకీ అనేది ఉంచుకోకూడదన్నది నా జీవిత నియమం. కరెంటు బిల్లు వచ్చిన రోజునే కడతాను, అరువు తెచ్చిన పుస్తకాన్ని చదవకుండానైనా సరే గడువులోపల తిరిగి ఇస్తాను. ఆ ప్రకారమే ఒకనాటి సాయంత్రం వదినగారి గిన్నె రాగానే అందులోనిది మా గిన్నెలోకి మార్చి, వచ్చిన గిన్నెను రెండుసార్లు తోమి, తుడిచి, నలభై నిమిషాలలోపల తీసుకువెళ్లి వారి చేతిలో పెట్టాను. తలుపు తీసిన వదినగారు ముందు నా ముఖంలోకి, తరువాత తళతళలాడుతున్న గిన్నె అడుగులోకి చూశారు. "అప్పుడే తెచ్చేశారా?" అన్నారు. నా సామర్థ్యానికి అది ప్రశంస అనుకుని "మనకు బాకీలు ఉంచుకోవడం అలవాటు లేదండీ" అని సగర్వంగా జవాబు చెప్పాను. లోపలి నుంచి వారి అబ్బాయి ఎవరని అడిగితే "ఎవరూ కాదులే, కింది ఇంటి వాళ్లు" అన్న మాట తలుపు మూసుకుంటూ ఉండగా వినిపించింది. అంతకుముందు వారం వరకు నేను "మన అన్నయ్యగారు"ని. ఒక్క గిన్నె తోమినందుకు చుట్టరికం పోయి చిరునామా మిగిలింది.

ఆ తరువాత ఆరు నెలల పాటు పై నుంచి వాసనలు వచ్చాయి కాని గిన్నెలు రాలేదు. మా ఆవిడ రోజూ సాయంత్రం ఏడు గంటలకు కాలింగ్ బెల్ వైపు, ఆపైన నా వైపు చూడటం అలవాటు చేసుకుంది. రెండో చూపులో మొదటి చూపులోని ఆశ ఉండేది కాదు.

ఈ ఖాళీ సమయంలోనే నేను గబ్బిలాల గురించి చదివాను. రక్తం తాగి బతికే ఒక జాతి గబ్బిలాలు వరుసగా రెండు మూడు రాత్రులు ఆహారం దొరకకపోతే చనిపోతాయట. అందువల్ల కడుపు నిండిన గబ్బిలం ఆకలిగా వచ్చిన తోటి గబ్బిలానికి తాను తాగినదానిలో కొంత నోటితో కక్కి అందిస్తుందని, రక్తసంబంధం లేనివాటికి కూడా ఇలా పెట్టిన సందర్భాలు ఉన్నాయని, తమతో కలిసి మసలేవాటికే ఎక్కువగా పెడతాయని జెరాల్డ్ విల్కిన్సన్ అనే శాస్త్రవేత్త 1984లో వెల్లడించాడు. తమకు ఎవరు పెట్టారో వారికే అవి ఎక్కువగా పెడతాయని తరువాతి పరిశీలనల్లో మరింత స్పష్టమయింది. తలకిందులుగా వేలాడే ప్రాణికి ఉన్న లోకజ్ఞానం నిటారుగా నిలబడిన నాకు లేకపోయిందన్న విచారం ఒక పక్క ఉన్నప్పటికీ, వాటి వ్యవస్థలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన అంశం వేరే ఉంది. వాటికి గిన్నెలు లేవు. గిన్నె లేని చోట గిన్నెను ఎప్పుడు తిరిగి ఇవ్వాలన్న ప్రశ్న పుట్టదు. వాటి పద్ధతిని మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో ప్రతిపాదించాలని ఒక దశలో అనుకున్నాను. మా ఆవిడ వద్దన్నది.

మరో మార్గం లేక నేనే వంటకు దిగాను. కొని తెచ్చినదాన్ని మా గిన్నెలోకి మార్చి ఇంటి వంటగా చలామణీ చేసే మార్గం ఉందని, అది చాలా ఇళ్లలో విజయవంతంగా నడుస్తున్నదని అనుభవజ్ఞులు కొందరు చెవిలో చెప్పారు. దొంగనోటు అచ్చువేయడానికి, దీనికి ఉన్న తేడా ఏమిటని నేను వారిని నిలదీశాను. నోటు మీద నూనె మరకలు ఉండవని వారు సమాధానం ఇచ్చారు. అయినా నా నిజాయితీ అడ్డు వచ్చింది. ఒక ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు వంటింట్లో ప్రవేశించి మధ్యాహ్నం ఒంటి గంటకు బయటికి వచ్చాను. పదార్థం అడుగున నల్లగా, మధ్యలో మెత్తగా, పైన పచ్చిగా ఉంది. అంటే ఒకే గిన్నెలో మూడు వంటకాలు సిద్ధమయ్యాయి. నాకు మాత్రం అది అమోఘంగా కనిపించింది.

ఇందులో నా తప్పు లేదు. మైఖేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, కాగితాన్ని మడిచి బొమ్మలు చేయడం అంతగా రానివారు తమ వంకర బొమ్మలకు నిపుణులు చేసినవాటితో సమానమైన విలువ కట్టారు. చూసినవారికి మాత్రం అవి నలిగిన కాగితాలుగానే కనిపించాయి. స్వహస్తాలతో చేసినదాని మీద మనిషికి ఉండే మోహం అటువంటిది. ఇంటి వంటల ఇచ్చిపుచ్చుకోవడం మొత్తం ఈ మోహం మీదనే ఆధారపడి నడుస్తున్నదని నా నిశ్చితాభిప్రాయం. ఇచ్చేవారు అమృతం ఇస్తున్నామనుకుంటారు, పుచ్చుకునేవారు ఉప్పు చాలలేదనుకుంటారు, మరునాడు మెట్ల మీద ఎదురుపడి ఇద్దరూ "చాలా బాగుంది", "ఆఁ, ఏదో లెండి" అనుకుంటారు. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటైనా ఒక్క రోజు నిజంగా పలికితే ఎన్ని కాపురాలు ఖాళీ చేసుకుని పోవలసి వస్తుందో ఊహించడానికే భయంగా ఉంది.

మాడిన భాగం కనిపించకుండా పైపైన తీసి గిన్నెలో సర్ది, పళ్లెం బోర్లించి, నాలుగు మడతల గుడ్డతో మెట్లెక్కాను. తలుపు తీసిన వదినగారితో "ఏమీ లేదమ్మా, ఊరికే కొంచెం చేశాను" అన్నాను. ఆ మాట నా నోట ఎంత సహజంగా వచ్చిందంటే, అది వండేవారు ఎవరైనా సరే అప్రయత్నంగా పలికే మాట అని, ఇంతకాలం నేను దాన్ని అబద్ధాల ఖాతాలో జమకట్టడం అన్యాయమని ఆ క్షణంలో తోచింది. ఈ అభిప్రాయాన్ని పైన రాసినదానికి సవరణగా స్వీకరించవలసిందిగా కోరుతున్నాను.

వదినగారు మూత తీసి చూశారు. వాసన చూశారు. "అన్నయ్యగారూ, ఇది మీరే చేశారా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో అనుమానం లేదు, జాలి ఉంది. లోపలికి రమ్మని, కూర్చోమని, వారు వండినదాన్ని, నేను తెచ్చినదాన్ని ఒకే పళ్లెంలో మధ్యన పెట్టి, వారాయనను, అబ్బాయిని పిలిచి అందరూ అందులోంచే తీసుకోమన్నారు. పాత తెలుగులో పొత్తున కుడవడమంటే కలిసి కూర్చుని తినడమే. ఇప్పుడు ఎన్నికల ముందు రాజకీయ పార్టీలు కుదుర్చుకునే పొత్తుల్లో తినడం మిగిలింది కాని కలిసి అన్న భాగం అంత నమ్మకంగా చెప్పలేము. కైట్లిన్ వూలీ, అయెలెట్ ఫిష్‌బాక్ అనే పరిశోధకులు 2019లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ముక్కూమొహం తెలియనివారిని ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, యాజమాన్యం ఒకరు, కార్మిక సంఘం ఒకరుగా జీతాల బేరం ఆడించారు. ఒకే గిన్నెలోని చిరుతిండి పంచుకున్న జంటలకు రాజీ కుదిరేసరికి సగటున తొమ్మిది రోజుల ఊహాజనిత సమ్మె పట్టగా, ఎవరి గిన్నె వారికే ఉన్న జంటలకు పదమూడు రోజులు పట్టింది. అంటే ఒక గిన్నె తగ్గితే నాలుగు రోజుల సమ్మె తగ్గుతుందన్నమాట. మా పళ్లెం చుట్టూ రాజీ అంతకన్నా త్వరగా కుదిరింది. అబ్బాయి నా వంటను ఒక ముద్ద తిని, రెండో ముద్దకు తన తల్లి వంట వైపు చెయ్యి జరిపాడు. అతని కన్నా ముందే నా చెయ్యి అక్కడికి చేరుకుని ఉంది.

తయారీ విధానం అడిగాను. "కొలతలేముంటాయి అన్నయ్యగారూ, అన్నీ ఒక అందాజు మీద వేసెయ్యడమే" అన్నారామె. దీని మీద వేరే వ్యాసం రాయవలసి ఉంది. తమ వంట మరొకరింట్లో సరిగ్గా రాకుండా చూసుకోవడంలో ప్రపంచంలోని వంటగత్తెలందరూ పాటించే ఈ గోప్యతను చూసి ప్రభుత్వాల గూఢచారి శాఖలు నేర్చుకోవలసినది ఎంతో ఉంది.

నేను వస్తూ వస్తూ నా ఖాళీ గిన్నె కోసం చెయ్యి చాచాను. వదినగారు దాన్ని గబగబా తమ సింకులో పడేసి "ఉండనివ్వండి, తరువాత పంపుతాం" అన్నారు. నాకు అప్పుడు తెలిసివచ్చింది, ఆ గిన్నె తిరిగి రావడానికి ఒక కారణం కావాలని, ఆ కారణం వారింట్లో ఇప్పటి నుంచి ఉడుకుతూ ఉంటుందని.

ప్రస్తుత పరిస్థితి ఏమిటంటే, మా గిన్నె పై అంతస్తులో ఉంది. వారివి రెండు గిన్నెలు, ఒక డబ్బా మా ఇంట్లో ఉన్నాయి. ఆ డబ్బాకు మూత లేదు. గాలి చొరబడని ప్లాస్టిక్ మూతల డబ్బాలను ఎర్ల్ టప్పర్ అనే అమెరికన్ 1946లో మార్కెట్లోకి తెచ్చినప్పుడు అవి దుకాణాల్లో సరిగ్గా అమ్ముడుపోలేదట. మూత ఎలా బిగించాలో ఇళ్లకు పిలిచి చూపించిన తరువాతే జనం కొన్నారట. బిగించడం నేర్పారు కాని తిరిగి తెచ్చుకోవడం ఎవరూ నేర్పలేదు. నిన్న సాయంత్రం కాలింగ్ బెల్ మోగినప్పుడు వదినగారు ఇచ్చిన గిన్నె మీద పళ్లెం లేదు, ఒక ఆకుపచ్చ మూత ఉంది. అది వారిదీ కాదట, మాదీ కాదు. రెండో అంతస్తువారిది అయి ఉంటుందని మా ఆవిడ అనుమానం. రెండో అంతస్తువారితో మాకు ఇంతవరకు పరిచయం లేదు. ఆదివారం మళ్లీ వంటింట్లోకి వెళ్తున్నాను.