పులసను పట్టేసే నాలుక విస్కీ దగ్గర ఎందుకు తడబడుతోంది?

గోదావరి డెల్టాలో పెళ్లి విడిదిలోనైనా, సంక్రాంతి కోడిపందేల బరి పక్కనైనా నలుగురు మగవాళ్లు చేరినచోట ‘మీదేం బ్రాండండీ?’ అన్న ప్రశ్న ఊరూ పేరూ అడిగినంత సహజంగా వస్తుంది. ఒకాయన విస్కీ తప్ప ముట్టనంటాడు. విస్కీ వేడి చేస్తుందనీ, తన ఒంటికి బ్రాందీయే పడుతుందనీ మరొకాయన అంటాడు. ఎండలు ముదిరాయంటే బీరు చలవ అనే మూడో పక్షం బలపడుతుంది. వీటన్నిటినీ మనం వ్యక్తిగత అభిరుచులుగానే లెక్కవేస్తాం. నా ఉద్దేశంలో వీటిలో చాలావరకు నాలుక మీద పుట్టినవి కావు, దుకాణం అరల మీద పుట్టినవి.

ఇక్కడివాళ్ల నాలుకకు పదును లేదని నేననడం లేదు. సముద్రంలో ఉన్నంతకాలం విలస అనిపించుకునే చేప, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది. చేప ఒకటే, మారినది నీరు. ఆ తేడాను ఒక్క ముద్దలో చెప్పగల వాళ్లు లంక గ్రామాల్లో ఇంటికొకరుంటారు. ఆ తేడా కోసం వేలకు వేలు పోసేవాళ్లూ ఉంటారు. అలాంటి నాలుక మందు దగ్గరకొచ్చేసరికి ఎందుకు తడబడుతుందన్నదే ఆలోచించవలసిన విషయం.

మూడేళ్ల కిందట పండగకు మా వీధి అరుగు మీద మేమొక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. ఒకే ధరకు దొరికే విస్కీ ఒకటి, బ్రాందీ ఒకటి తెచ్చి, రంగు కనబడకుండా స్టీలు గ్లాసుల్లో పోసి, సమానంగా నీళ్లు కలిపాం. ఇరవై ఏళ్లుగా బ్రాందీ తప్ప తాగని మా బావగారు మొదటి గ్లాసు పట్టుకుని కళ్లు మూసుకుని ‘ఇదే నాది’ అన్నారు. అది విస్కీ. రెండోసారి సీసాలు మార్చకుండానే మార్చామని చెప్పి ఇస్తే, అదే గ్లాసును ‘ఇది ఘాటు, విస్కీ’ అని పక్కన పెట్టేశారు. ఆ రాత్రి ఆయన మళ్లీ బ్రాందీయే తాగారు, అది వేరే సంగతి.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. విస్కీ ధాన్యం నుంచి, బ్రాందీ ద్రాక్ష నుంచి, రమ్ము చెరకు నుంచి తయారు కావాలన్నది పానీయాల లోకంలో పాత ఒప్పందం. స్కాచ్ అన్న పేరు రావాలంటే ధాన్యపు స్పిరిట్‌ను ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు నిలవ ఉంచాలి. మన దగ్గర సామాన్యుడికి అందే ధరలో దొరికేవాటి కథ అది కాదు. చక్కెర కర్మాగారాల్లో మిగిలిన చెరకు మడ్డి, అంటే మొలాసిస్ నుంచో, బియ్యపు నూకల నుంచో రంగూ రుచీ లేనంతగా శుద్ధిచేసిన స్పిరిట్ తీసి, దానికి మొలకెత్తించిన ధాన్యంతో చేసిన మాల్ట్ స్పిరిట్ కొంత కలిపితే విస్కీ అనీ, కొంత ద్రాక్ష స్పిరిట్ కలిపితే బ్రాందీ అనీ పేరు పెడతారు. రంగు కోసం కాల్చిన చక్కెర పాకం, వాసన కోసం ఎసెన్సు రెండింటికీ ఉన్నవే. మొలాసిస్ స్పిరిట్‌ను విస్కీ అని అమ్మడానికి ఐరోపా సమాఖ్య చట్టం ఒప్పుకోదు. 2004లో గ్లాస్గోలో అడుగుపెట్టిన బెంగళూరు అమృత్ సింగిల్ మాల్ట్ లాంటివి దీనికి మినహాయింపే గానీ, అవి మన అరుగుల మీదకు వచ్చే సీసాలు కావు. చెరకూ వరీ రెండూ మన పంటలే. మన చేలో పండినదే స్కాట్లాండు వేషం కట్టుకుని తిరిగొస్తే దానికి మనం పక్షాలు కట్టి వాదించుకుంటున్నాం.

ఆ వేషమైనా మనం ఎంచుకున్నది కాదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది; 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చి 1997లో పోయింది. సారా తాగే తరం ఈ నాలుగేళ్లలో రుచి మారి విస్కీకి వెళ్లలేదు, సారా దుకాణం లేక వెళ్లింది. 2019 అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టాక అలవాటైన బ్రాండ్లు మాయమై, అంతకుముందు ఎవరూ వినని పేర్లు అరల నిండా చేరాయి. ‘ప్రాణం పోయినా బ్రాండు మార్చను’ అన్నవాళ్లు నెల తిరక్కుండానే మారారు. 2024 అక్టోబరులో లాటరీ తీసి 3,396 ప్రైవేటు దుకాణాలకు లైసెన్సులిచ్చి, 99 రూపాయలకు క్వార్టరు అందుబాటులోకి తెచ్చేసరికి మళ్లీ కొత్త విధేయతలు పుట్టుకొచ్చాయి. దీనికి ఇంకో నిదర్శనం ఎదుర్లంక వంతెన దాటితే కనిపిస్తుంది. యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి పన్ను వేరు, ధర వేరు, అరల మీద పేర్లూ వేరు. వంతెనకు ఈవలి గట్టున బ్రాందీ మనిషి, ఆవలి గట్టున స్కాచ్ మనిషి అయిపోతాడు. మధ్యలో మారినది గోదావరి పాయ గౌతమి ఒడ్డు మాత్రమే.

గల్ఫ్ నుంచి కోనసీమకు వచ్చే స్కాచ్ సీసాది ఇంకో దారి. అది తాగడానికి కన్నా చూపించడానికి ఎక్కువ పనికొస్తుంది; అయిపోయాక కూడా మనీప్లాంటు తీగతో హాల్లోనే ఉంటుంది. బ్రిటన్‌తో 2025 జులైలో సంతకాలైన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద 150 శాతం దిగుమతి సుంకం ముందు 75కు, పదేళ్లలో 40 శాతానికి దిగాలి. అప్పుడు ఆ సీసాకు షోకేసులో ఇంత మర్యాద ఉంటుందా అన్నది చూడాలి.

బీరు విషయంలో రుచి గురించి మాట్లాడటమే అనవసరమనిపిస్తుంది. మే నెల ఉక్కలో దుకాణం కిటికీ దగ్గర అడిగే మొదటి మాట ‘కూలింగ్ ఉందా?’, రెండోది ‘స్ట్రాంగేనా?’. ఈ రెండో ప్రశ్న వెనక పక్కా లెక్క ఉంది. 5 శాతం లైట్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో ఆల్కహాలు 32 మిల్లీలీటర్లు దాటి కొంచెం, 7 శాతం స్ట్రాంగులో దాదాపు 45, 42.8 శాతం ఉండే 180 మిల్లీలీటర్ల క్వార్టరులో 77. చేతిలోని డబ్బుకు ఎంత నిషా అన్నదే అక్కడ అభిరుచి. ఇక కాక్‌టెయిళ్ల సంగతికొస్తే, కొబ్బరిబొండంలో వోడ్కా పోయడమే మన ఏకైక సొంత ప్రయోగం, అది నిజంగానే బాగుంటుంది. రామచంద్రపురం కూల్‌డ్రింకు ఆర్టోస్‌లో విస్కీ కలిపేవాళ్లను మాత్రం నేను క్షమించలేను. చెడేది విస్కీ కాదు, ఆర్టోస్.

మరి నాలుకకు పని ఎక్కడ? తాడిచెట్టు కింద. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, గాలిలోని ఈస్టు పనిచేసి ఎండెక్కేసరికి పులుపెక్కుతుంది, సాయంత్రానికి ఘాటవుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా నిలుస్తుంది. పోతుతాడి కల్లు ఒక కాలానిది, పెంటితాడిది ఇంకో కాలానిది. లేబులు లేదు, ప్రకటన లేదు, తాగేవాడు తన నోటినే నమ్ముకోవాలి. విదేశీ మద్యమని పేరు పెట్టుకున్న ప్రతి సీసా మీద లోపలి స్పిరిట్ మొలాసిస్‌దో నూకలదో పెద్ద అక్షరాల్లో అచ్చువేయించగలిగితే సీసా దగ్గర కూడా ఈ నిజాయితీ కొంత వస్తుందని నా నమ్మకం. ఎవరు ఏది తాగాలన్నది వాళ్ల ఇష్టం. ఏం తాగుతున్నారో తెలియాలి కదా.

మొన్న ఫిబ్రవరిలో మా ఊరి కాలువ గట్టు మీద నిలబడి ఓ ముంత కల్లు అడిగితే, మోకు భుజానికి వేసుకుంటున్న గీత కార్మికుడు ఇవ్వనన్నాడు. ‘గట్టు మీద చెట్టుది ఇయ్యాళ చప్పగా దిగిందండి. చేలో చెట్టు ఎక్కొస్తాను, అరగంట ఆగండి బాబూ, ఆయ్’ అన్నాడు. నేను ఆగాను.