మహారాజశ్రీ బిట్ బ్యాంకు గారికి

మహారాజశ్రీ పదో తరగతి ఇంగ్లీషు బిట్ బ్యాంకు గారి దివ్య సముఖమునకు నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ, అంటే మా అమ్మాయి బల్ల మీద, కంపాస్ పెట్టెకూ సగం కొరికిన జామకాయకూ మధ్య తమరు కూడా క్షేమమేనని కళ్ళారా చూస్తూనే ఉన్నాను. అట్ట ఊడింది, కుట్టు తెగింది, మూలలు అప్పడాల్లా ముడుచుకున్నాయి. అయినా తమరి తేజస్సు తగ్గలేదు. ఇంట్లో భగవద్గీత ఉంది, దానికి ఇంత వాడకం లేదు.

రోజూ రాత్రి భోజనాలయ్యాక గంటసేపు తమరి సేవ నా వంతు. ఎడమ వరసలో మాట నేను చదవాలి, కుడి వరసలో మాట అమ్మాయి చెప్పాలి. 'అబండెంట్' అంటే 'ప్లెంటిఫుల్'. 'రిలక్టెంట్' అంటే 'అన్‌విల్లింగ్'. 'వేకెంట్' అంటే 'ఎంప్టీ'. నేను మాట పూర్తి చేయకముందే జవాబు వచ్చి పడుతుంది. మొదటి వారమంతా పుత్రికోత్సాహంతో ఛాతీ ఉబ్బింది. రెండో వారం ఎందుకో బుద్ధి పుట్టి కింది నుంచి పైకి అడిగాను. అమ్మాయి బిక్కమొహం వేసింది. కాసేపు చూసి, "అలా తిరగేసి అడిగితే ఎలా నాన్నా? వరసలో అడుగు" అని కోప్పడింది.

అప్పుడు తెలిసింది, పిల్లకు వచ్చినవి మాటలు కావు, తమరి పేజీలో వాటి వరస. ఏలూరు తర్వాత తాడేపల్లిగూడెం, ఆ తర్వాత నిడదవోలు, ఆపైన రాజమండ్రి అని రైలు స్టేషన్లు గడగడా చెప్పే మనిషిలాగా. దిగింది మాత్రం ఒక్క ఊళ్ళోనూ లేదు. సరే, 'రిలక్టెంట్'ను ఒక వాక్యంలో పెట్టి చెప్పమన్నాను. "వాక్యం అడగరు నాన్నా, ఒక్క మార్కు బిట్టే" అంటూ అయిష్టంగా పెన్ను మూత పెట్టింది. ఆ క్షణంలో ఆ మాట దాని ముఖమంతా రాసి ఉంది. నోట్లోకి మాత్రం రాలేదు.

తమరితో నా తగాదా అంతా ఒక్క గుర్తు గురించి. రెండు మాటల మధ్య తమరు పెట్టుకునే ఆ సమానం గుర్తు. లెక్కల పుస్తకం దగ్గర అరువు తెచ్చుకున్నారు, ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు. దానివల్ల నాకు జరిగిన పరాభవం ఒకటి విన్నవించుకుంటాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా తాతయ్య పోయారు. ఐదు రోజులు బడి మానాను. తిరిగి వెళ్ళేటప్పుడు సెలవు చీటీ ఇంగ్లీషులో రాసుకురావాలని బడిలో నియమం. అప్పటికి తమరి పూర్వీకుడొకరు మా ఇంట్లో ఉండేవారు, పసుపు అట్ట, నాసిరకం కాగితం. ఆయన గారి ఇడియమ్‌ల పేజీలో 'కిక్ ద బకెట్' సమానం 'డై' అని స్పష్టంగా ఉంది. మామూలు మాట రాస్తే మామూలు మార్కు, ఇడియం రాస్తే మేష్టారి మెప్పు అనేది మా తరగతిలో అందరికీ తెలిసిన రహస్యం. అందుకని, మా తాతగారు బకెట్ తన్నిన కారణంగా నాకు ఐదు రోజులు సెలవు మంజూరు చేయవలసిందిగా వేడుకున్నాను. కింద నాన్న కూడా సంతకం పెట్టారు, పాపం. తండ్రిని పోగొట్టుకున్న మనిషి, పైగా ఇంగ్లీషు రాదు.

మేష్టారు చదివారు. మళ్ళీ చదివారు. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని స్టాఫ్ రూము వైపు నడిచారు. కాసేపటికి అటునుంచి వచ్చిన నవ్వులు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. మనిషి మంచివాడే. తిరిగి వచ్చాక ఒక్క మాట అనలేదు. ఎర్ర సిరాతో బకెట్ కొట్టేసి, పైన 'ఎక్స్‌పైర్డ్' అని రాసిచ్చారు. కొన్నాళ్ళకు ఇంట్లో మందుల డబ్బా సర్దుతుంటే, ఒక మాత్రల అట్ట మీద తారీఖు పక్కన ఆ మాట తోబుట్టువే కనిపించింది. మా తాతయ్యను బకెట్ దగ్గర నుంచి లేపి మాత్రల అట్టలో కూర్చోబెట్టారన్నమాట.

తెలుగులో ఈ పొరపాటు రెండో తరగతి పిల్లవాడు కూడా చేయడు. పీఠాధిపతి సిద్ధి పొందుతారు. పెద్దవాళ్ళు కాలం చేస్తారు. పక్కింటాయన పోతాడు. మనకు బాకీ ఉన్నవాడు గుటుక్కుమంటాడు. దోమ చస్తుంది. బాల్చీ తన్నేయడం మనకూ ఉంది, కాని ఆ మాట ఎవరి గురించి అనాలో, ఎవరు వినకుండా అనాలో మాకు ఎవరూ పట్టిక గీసి నేర్పలేదు. తమరి పద్ధతి ప్రకారం వీటన్నిటి మధ్యా సమానం గుర్తులు వేసి, దోమనూ పీఠాధిపతినీ ఒకే పీట మీద కూర్చోబెట్టాలి.

తమరు ఒక్కసారి మా వంటింట్లోకి వస్తే మూర్ఛపోతారు. డబ్బా అడుగు కనిపిస్తుంటే మా ఆవిడ "బియ్యం నిండుకున్నాయి" అంటుంది. దీపం ఆరితే మా అమ్మ కొండెక్కిందంటుంది. గడప దాటేవాడు వెళ్తానంటే ఆవిడ ఊరుకోదు, వెళ్ళొస్తాననాల్సిందే. మా ఇంట్లో నిండుకోవడం అంటే అయిపోవడం, కొండెక్కడం అంటే ఆరిపోవడం, రావడం తోడుంటేనే వెళ్ళడం. తమరి వ్యతిరేక పదాల పేజీలో వీటిని ఏ వరసలో వేస్తారు? ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లలకు ఏ మాటకు ఎంత మర్యాదో, ఏ మాటకు ఎంత చాటో ఉగ్గుపాలతోనే వస్తుంది. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివినంతా చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలి రమ్మంటారు తమరు.

పోనీ ఇంగ్లీషు మాటలకు ఆ చాటు లేదా అంటే, ఎందుకు లేదు? 'స్లిమ్' అంటే మురిసిపోయే మేనత్త, 'స్కిన్నీ' అంటే నెల రోజులు మన ఇంట్లో మంచినీళ్ళు ముట్టదు. తమరి పేజీలో మాత్రం రెండూ 'థిన్'కు కవల పిల్లలు.

ఇక తమరి 'అన్', 'ఇన్', 'డిస్' సూత్రం. ముందు తోక తగిలిస్తే (తోక ముందు ఎలా తగిలిస్తారని అడగకండి, తమరి వ్యవహారమే అది) అర్థం తలకిందులవుతుందన్నారు. 'విజిబుల్'కు 'ఇన్‌విజిబుల్' అయినప్పుడు 'వాల్యుబుల్'కు 'ఇన్‌వాల్యుబుల్' ఎందుకు కాకూడదని రాశాను. మార్కు పోయింది. అది విలువ లేనిది కాదట, విలువ కట్టలేనిదట. మన 'వెలలేని ముత్యం' కూడా ఆ జాతిదేనని అప్పుడు తట్టి ఉంటే నేనే సరిగ్గా రాసేవాణ్ణి. కాని తెలుగు గుర్తు తెచ్చుకోవడం ఇంగ్లీషు పీరియడులో నేరం.

హైవే మీద పెట్రోలు ట్యాంకర్ల వెనక పెద్ద అక్షరాలతో 'ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉండడం తమరు చూసే ఉంటారు. తమరి సూత్రం ప్రకారం అది మండనిది. నిజానికి 'ఫ్లేమబుల్' అన్నా 'ఇన్‌ఫ్లేమబుల్' అన్నా భగ్గుమనేదే. ఇక్కడి 'ఇన్' కాదనే 'ఇన్' కాదు, లోపలికి అనే అర్థంలో లాటిన్ నుంచి దిగిన వేరే 'ఇన్'. ట్యాంకర్లు ఆగే దాబాల దగ్గర చుట్ట ముట్టించేవాళ్ళలో తమరి శిష్యులు లేకపోవడం మా ప్రాంతం చేసుకున్న పుణ్యం.

తమరి వంశం గొప్పదే, కాదనను. లండన్ వైద్యుడు పీటర్ మార్క్ రోజే 1805లో తన సొంతానికి ఒక మాటల జాబితా రాసుకున్నాడు. 1852లో అది 'థెసారస్'గా అచ్చయ్యేసరికి ఆయనకు 73 ఏళ్ళు. గ్రీకు మూలంలో ఆ మాటకు నిధి, ఖజానా అని అర్థం. ఎదురెదురు భావాలను పక్కపక్క నిలువు వరసల్లో పేర్చడం ఆ పుస్తకంలోనూ ఉంది. అయితే చెప్పదలచుకున్నది మనసులో ఉండి మాట దొరకక తడుముకునేవాడి కోసం వేసిన పుస్తకం అది. తమరి దగ్గర మాటలు బోలెడు, చెప్పవలసిన సంగతే లేదు.

మన వైపు చూసినా, వీధి బడుల్లో అమరకోశం వల్లె వేయించేవారు. అదీ బట్టీయే, అక్కడా వీపులు చిట్లాయి. కాని ఆ బట్టీకి తర్వాత ఒక పని ఉండేది. యతి కుదరకపోతే కవి పద్మాన్ని పక్కన పెట్టి అంబుజాన్ని పిలవాలి, గణం పొడవైతే ఇంకో తామరను వెతకాలి. పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్రనామ సంగ్రహం' చేసి తెలుగు మాటలకూ ఆ ఏర్పాటు చేసిపెట్టాడు. మా అమ్మాయికి తమరి 'అబండెంట్'తో ఆదివారం దాకా పని పడదు, సోమవారం స్లిప్ టెస్టు అయ్యాక ఇక ఎప్పటికీ పడదు.

(తెలుగు పేపరు ఏదో ఉద్ధరించిందని నేను అనడం లేదు. పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి-వికృతులు అంటూ తమరి తమ్ముడొకడు అక్కడా కాపురం పెట్టాడు. ఆయన సంగతి ఇంకో ఉత్తరంలో.)

మా రోజుల్లో బిట్ పేపరు చివరి అరగంటలో ఇచ్చేవారు. అది చేతికి రాగానే హాలు మొత్తానికి ఒక్కసారిగా జలుబు చేసేది. ఒక దగ్గు 'ఎ', రెండు దగ్గులు 'బి'. 'డి' చెప్పాలంటే ఊపిరితిత్తులు గట్టివై ఉండాలి. నాకు నిజంగానే జలుబు చేసిన ఏడు, నా వెనక బెంచీల వాళ్ళు ముగ్గురు నన్ను నమ్మి నష్టపోయారు. కాపలాకు వచ్చిన మేష్టారు కిటికీ దగ్గర నిలబడి బయటి వేపచెట్టును ఆకు ఆకునా పరిశీలించేవారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో విడి బిట్ పేపరు ఎత్తేస్తున్నామని ప్రకటించినప్పుడు, తమరి శకం ముగిసిందని నేను పాయసం కూడా వండించాను. తమరు ఏం చేశారు? నెమ్మదిగా అసలు ప్రశ్నపత్రంలోకే దూరి, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నారు.

తమరి అమెరికా బంధువుల కబురు కూడా చెప్పాలి. అక్కడి కాలేజీ ప్రవేశాల 'శాట్' పరీక్ష వ్యతిరేక పదాల ప్రశ్నలను 1994లోనే సాగనంపింది. 'జీఆర్ఈ' 2011 ఆగస్టులో అదే పని చేసింది. అంతకు రెండేళ్ళ ముందే పరీక్ష రాసిన మా బావమరిది ఆ భాగ్యానికి నోచుకోలేదు. అమీర్‌పేటలో నలుగురు పడుకునే గదిలో మూడు వేల మాటలు అట్టముక్కల మీద రాసుకుని, స్నానాల గది తలుపుకు కూడా అంటించుకుని చదివాడు. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు. మొన్న ఫోను చేసినప్పుడు, అప్పట్లో నువ్వు నాకు నేర్పిన 'గ్యారులస్' అనే మాట అక్కడ ఎవరైనా వాడతారా అని అడిగాను. అసలు దాని అర్థమే గుర్తు లేదన్నాడు. గుర్తు లేదన్న ఆ ఒక్క సంగతినీ గంటంపావు సేపు చెప్పుకొచ్చాడు. వాగుడుకాయ అని అర్థమని నేను చెప్పడానికి సందు దొరకలేదు.

ఇంతసేపూ తమరిని ఆడిపోసుకున్నాను. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇందాక వంటింట్లోంచి మా ఆవిడ బియ్యం నిండుకున్నాయని కేక వేసింది. ఈ ఉత్తరం మధ్యలో ఉన్నాను కదా, కదలలేదు. రెండోసారి కేకకు లేచి చొక్కా వెతికాను, మూడోసారి కేకకు చేతిసంచీ కనపడలేదన్నాను. అప్పుడు మా అమ్మాయి తమరి మీద నుంచి తల ఎత్తకుండానే, "అమ్మా, నాన్న చాలా రిలక్టెంట్‌గా వెళ్తున్నాడు" అంది.

వరస లేదు, ఎడమ లేదు, కుడి లేదు. వెనక 'గా' అని తెలుగు తోక తగిలించుకుని, సరైన మనిషి మీద సరైన సమయంలో వచ్చి వాలింది ఆ మాట. ఇలా రాస్తే తమరు మార్కు వేయరని నాకు తెలుసు. నేను పదికి పది వేసి, సంచీ పట్టుకుని బయలుదేరుతున్నాను. కొట్టు మూసేస్తారు. మిగతా సంగతులు తర్వాత.

వెళ్ళొస్తాను.

ఇట్లు
తమరి పాత విద్యార్థి, ప్రస్తుతం తమరి చేత చదివించబడుతున్న ఒక తండ్రి

తా.క.: వ్యతిరేక పదాల రెండో పేజీ కుడి సగం చిరిగిపోయింది. అమ్మాయి జామకాయ గింజలు పొట్లం కట్టిందని అనుమానం. 'కరేజ్' మొదలుకొని పదహారు మాటలకు మా ఇంట్లో ప్రస్తుతం వ్యతిరేకాలు లేవు. పరీక్షలోపు పక్కింటి వాళ్ళ ప్రతి చూసి రాసుకుంటాం.