టగ్ బోటు వాళ్ల పేర్లు కూడా రాయాల్సింది

నమీబియాలోని స్కెలిటన్ కోస్ట్ మీద వ్యాసం చాలా బాగుంది, కానీ డునెడిన్ స్టార్ ఓడ సంగతి "అందులో ఉన్నవాళ్లందరూ బతికారు" అని ఒక్క వాక్యంతో వదిలేయడం బాధనిపించింది. 1942 నవంబర్ 29 రాత్రి నీళ్లలో దేనికో తగిలి అడుగు చీలిపోతే, మునిగిపోకుండా కెప్టెనే దాన్ని ఒడ్డు వైపు నడిపి ఇసుకలోకి ఎక్కించాడు. మొత్తం 106 మంది. వాళ్లలో 63 మంది ఒడ్డు చేరేసరికి మోటారు పడవ పాడైంది, ఇక చంటిపిల్లలతో సహా వాళ్లంతా తాగడానికి చుక్క నీళ్లు దొరకని ఎడారిలో చిక్కుకుపోయారు. సాయానికి వచ్చిన వెంచురా విమానం కూడా దిగాక ఇసుకలో కూరుకుపోయింది! చివరికి రాజధాని విండ్‌హుక్ నుంచి లారీలు ఇసుకలో దారి చేసుకుంటూ వచ్చి వాళ్లని తీసుకెళ్లేసరికి క్రిస్మస్ దగ్గరపడింది.

సాయానికి వెళ్లిన సర్ చార్లెస్ ఎలియట్ అనే టగ్ (పెద్ద ఓడల్ని లాగే బోటు) తిరుగుప్రయాణంలో ఒడ్డుకు కొట్టుకుపోయింది. అందులోని యాంగస్ మెకింటైర్, మథియాస్ ఖొరాసెబ్ చనిపోయారు. మెకింటైర్ శవం కూడా దొరకలేదు. ఎవరినో కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న ఈ ఇద్దరి పేర్లు లేకుండా ఆ కథ ఎలా చెప్తారండీ?

ఇంకోటి, అక్కడి ప్రమాదాలన్నీ కెప్టెన్ల నిర్లక్ష్యం వల్లే అన్నట్టు రాశారు, అది అన్యాయం. బెంగ్వేలా అనే చల్లని సముద్ర ప్రవాహం వల్ల ఆ తీరాన్ని తరచూ దట్టమైన పొగమంచు కమ్మేస్తుంది. 1909లో ఎడ్వర్డ్ బోలెన్ ఓడ ఒడ్డెక్కింది కూడా పొగమంచులోనే.