మోనోక్రోమ్ గారికి, రొట్టెల పండుగ నుంచి

గౌరవనీయులైన మోనోక్రోమ్ మోడ్ గారికి,

ఉభయకుశలోపరి. నెల్లూరులో ఎండలు మామూలే. ఫోటోల్లో రంగు తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేసే తమరు నా కెమెరా మెనూలో సుఖంగా ఉన్నారని తలుస్తాను.

తమరిని పిలిచింది నేనే, ఒప్పుకుంటాను. రొట్టెల పండుగకు ముందు రోజు రాత్రి ట్రంక్ రోడ్డులో టీ తాగుతుంటే, "స్ట్రీట్ ఫోటోగ్రఫీ అంటే బ్లాక్ అండ్ వైటేరా, కలర్‌లో తీస్తే పెళ్లి ఆల్బమ్" అన్నాడు మా వాడొకడు. నేను తల ఊపి తమరిని ఎక్కించాను. కార్డులో చోటు చాలదని, కెమెరా చూసిందంతా ఉన్నదున్నట్టు దాచే రా ఫైళ్లు కూడా ఆపేశాను. రా ఉంటే తమరు పైపూతే, కింద రంగులన్నీ భద్రంగా ఉండేవి. ఒట్టి జేపెగ్‌లో పోయింది ఇక పోయినట్టే.

మర్నాడు మధ్యాహ్నమంతా స్వర్ణాల చెరువు దగ్గరే ఉన్నాను. నా కెమెరా అద్దాల వ్యూఫైండర్‌లోంచి చూస్తే లోకం రంగుల్లోనే కనిపిస్తుంది కదా, తమరు లోపల కూర్చున్న సంగతే మరిచిపోయాను. మోకాటి లోతు నీళ్లలో ఒకామె నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర, దానికి బెత్తెడు ఎర్రంచు, చంకలో మనవరాలు. ఈ పండగలో కోరిక కోరి చెరువులో రొట్టె పట్టుకుంటారు, తీరాక మళ్లీ వచ్చి రొట్టె వదులుతారు. పోయిన ఏడు సంతాన రొట్టె పట్టుకుందట, కూతురికి బిడ్డ పుట్టింది, ఈ ఏడు వదలడానికి వచ్చింది. పనిలో పనిగా చిన్న కొడుకు కోసం ఉద్యోగం రొట్టె పట్టుకుంది. "నాయనా, ఒక ఫోటో తియ్యి. అంచు బాగా పడాల. ఈ పండక్కే కొన్నా" అంది. తీశాను. తలకు అంటుకున్న తడి కొంగు, అరచేతిలో మడిచిన రొట్టె, దాన్ని లాక్కోబోతున్న పిల్ల వేళ్లు... ఇంతకంటే మంచి ఫోటో నేను ఎప్పుడూ తీయలేదు.

ఇంటికొచ్చి చూస్తే అంచు లేదు!

చీర బూడిద, అంచు బూడిద. ఎరుపూ ఆకుపచ్చా రంగులో ఎంత దూరమైనా, వెలుగు ఒకటే అయితే తమరి లెక్కలో రెండూ ఒకటేనట. తమరి మెనూలోనే ఎరుపు ఫిల్టర్ అని ఒకటుంది, అది పెట్టి ఉంటే ఎరుపు తేలి, ఆకుపచ్చ ముదిరి, అంచు నిలబడేది. ఆ ముక్క తమరు ముందే సెలవియ్యలేదేం?

అయినా సిగ్గులేకుండా ఫోటో వాట్సాప్‌లో పంపాను. ఆమె చిన్న కొడుకు దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అన్నా, కలర్‌ది లేదా? దండేసే ఫోటో లాగుందని అమ్మ ఏడస్తా ఉంది. పాపను కూడా అట్టా తీశారేందని."

విన్నావా? ఇక తమరూ గిమరూ లేదు, నువ్వే. మా ఇళ్లలో గోడ మీద బ్లాక్ అండ్ వైట్‌లో ఉన్నవాళ్లందరికీ దండలే ఉంటాయి. పుట్టక పుట్టక పుట్టిన పిల్లను తీసుకెళ్లి ఆ గోడకెక్కించావు. కళ అని చెప్పమంటావా ఆమెకి? ఎమోషన్ అని చెప్పమంటావా?

నీ గొప్ప మాకు తెలియంది కాదు. 1948లో గాంధీ అంత్యక్రియలను ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెస్సాన్ తీసింది బ్లాక్ అండ్ వైట్‌లోనే. ఆ శోకానికి రంగు లేదని ఎవరూ అడగలేదు. కానీ జైపూర్‌లో పుట్టిన రఘుబీర్ సింగ్ మన వీధుల్నీ గంగనీ జీవితమంతా కలర్‌లో తీశాడే, ఆయనది పెళ్లి ఆల్బమా? 2012లో లైకా వాళ్లు రంగు అసలే రాని కెమెరా చేసి లక్షలకు అమ్మారు. మేం రంగు టీవీ కొనడానికి ఎంత ఏడ్చామో వాళ్లకేం తెలుసు. ఇక మా ఫోటోల బ్యాచ్ సరేసరి. ముసలాయన ముడతలు, బీడీ పొగ, కింద "జీవితం" అని క్యాప్షన్. ఇసక చల్లినట్టుండే చుక్కల్ని కలర్‌లో నాయిస్ అని తిట్టేదే, నీలో పడితే గ్రెయిన్ అని మెచ్చుకుంటారు.

ఒక్కటి మాత్రం, మనసు రాకపోయినా చెబుతున్నాను. ఆ రోజు చెరువు చుట్టూ నాయకుల స్వాగత ఫ్లెక్సీలు. పసుపూ నీలమూ ఎటు తిప్పినా ఫ్రేములో దూరి చేతులు జోడించి నవ్వుతాయి. నువ్వు వాటినన్నిటినీ బూడిద చేసి మూల కూర్చోబెట్టావు. ఒక ముసలాయన చెయ్యి, సగం విరిగిన రొట్టె, మణికట్టు మీంచి జారుతున్న నీటి చుక్క, వెనకాల ఎవరి పార్టీయో తెలియని మబ్బు. కలర్‌లో తీసుంటే చూసినవాడి కళ్లు ముందు ఫ్లెక్సీ మీదికే పోయేవి. ఆ ఒక్కటీ మాట్ పేపర్ మీద ప్రింటుకిచ్చాను. సంబరపడబాక.

ఆ అబ్బాయికి ఉద్యోగం వస్తే వచ్చే ఏడు ఆమె రొట్టె వదలడానికి వస్తుంది, ఆ చీరే కట్టుకొస్తానని చెప్పించింది. ఉద్యోగం రావాలని ఆమెకంటే నాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. అక్కడా ఇక్కడా నోటిఫికేషన్లు వెతికి నేనే పంపిస్తున్నాను వాడికి.

ఇట్లు,
కార్డులో 312 బూడిద ఫోటోలున్న
ఒక నెల్లూరు వాడు