పనికొచ్చినంత వరకే పౌరుడా?

యూరప్‌లో స్వేచ్ఛగా తిరిగే హక్కు అనగానే మనకు షెంజెన్ వీసా గుర్తొస్తుంది. నిజానికి ఆ హక్కు పుట్టింది బొగ్గు గనుల దగ్గర. 1946లో ఇటలీ, బెల్జియం ఒక ఒప్పందం చేసుకున్నాయి: ఇటలీ మనుషుల్ని పంపాలి, బెల్జియం బొగ్గు అమ్మాలి. పదేళ్లకు, 1956 ఆగస్టు 8న, బెల్జియంలోని మార్సినెల్ గనిలో మంటలు చెలరేగి 262 మంది చనిపోయారు. వాళ్లలో 136 మంది ఇటాలియన్లు. మరుసటి ఏడాది, నేటి యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన రోమ్ ఒప్పందంలో కార్మికుల రాకపోకల హక్కు ఉండాల్సిందేనని ఇటలీ పట్టుబట్టడం వెనుక ఈ నేపథ్యం ఉంది.

1968 నాటి నిబంధనలు జీతంలోనూ ఉద్యోగంలోనూ దేశం పేరు చెప్పి తేడా చూపకూడదన్నాయి. భార్యాపిల్లల్ని తెచ్చుకోనిచ్చాయి. మంచి హక్కులే, కానీ పని చేసేవాడికి మాత్రమే. యూనియన్‌ను ఏర్పాటు చేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం 1993లో అమల్లోకి వచ్చాక గానీ 'యూరోపియన్ యూనియన్ పౌరుడు' అనేవాడు కాగితం మీదికి రాలేదు.

కాగితం మీది పౌరుడికి ప్రాణం పోసింది లక్సెంబర్గ్‌లోని యూనియన్ న్యాయస్థానం. బెల్జియంలో మూడేళ్లు చిన్నాచితకా పనులు చేసుకుంటూ చదివిన ఓ ఫ్రెంచ్ విద్యార్థి, చివరి ఏడాది ప్రభుత్వ సాయం అడిగాడు. బెల్జియం కాదంది. 2001లో కోర్టు అతని పక్షాన నిలిచింది. అదే కోర్టు 2014లో, జర్మనీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కోని ఓ రొమేనియా మహిళకు భృతి నిరాకరించవచ్చని చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్య చట్టం మరీ అంత మారలేదు, మారింది రాజకీయ వాతావరణమే అని నా అభిప్రాయం. తూర్పు దేశాలు యూనియన్‌లో చేరాక, 'మన భృతి కోసం వస్తున్నారు' అనే మాటకు పశ్చిమాన గిరాకీ పెరిగింది.

బయటివాళ్ల సంగతి వేరు. బ్లూ కార్డు (నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకు యూనియన్ దేశాలిచ్చే పర్మిట్) మీద జర్మనీలో పనిచేసే మన సాఫ్ట్‌వేర్ కుర్రాడు వీకెండ్‌కి పారిస్ వెళ్లి రావచ్చు. అదే కార్డుతో అక్కడ ఉద్యోగంలో చేరడం మాత్రం కుదరదు.

లోపలివాళ్లకైనా ఈ పౌరసత్వం సొంత దేశం పాస్‌పోర్టుకు కట్టేసి ఉంటుంది. 1984 నుంచి ఫ్రాన్స్‌లో ఉంటున్న ఒక బ్రిటిష్ మహిళ, బ్రెగ్జిట్ తర్వాత అక్కడి స్థానిక ఎన్నికల్లో ఓటు పోగొట్టుకుంది. పదిహేనేళ్లకు పైగా దేశం బయట ఉందన్న కారణంతో బ్రిటన్‌లోనూ ఆమెకు అప్పట్లో ఓటు లేదు. యూనియన్ పౌరసత్వం తనకింకా ఉందన్న ఆమె వాదనను 2022లో అదే కోర్టు కొట్టేసింది.