మా మిద్దె మీద చిరుత

మొన్న అమావాస్య రాత్రి జరిగింది ఇది. ఇంకా వీధిలో తలెత్తుకోని నడవలేకున్నా, పొద్దున పాల ప్యాకెట్లకి కూడా మా ఆవిడే పోతా ఉంది. తలా ఒక రకంగా చెప్పుకుంటా ఉన్నారు కాబట్టి అసలు సంగతి నేనే రాసేస్తే ఒక పనైపోతాదని కూర్చున్నా. మా కాలనీవాళ్ళు చదివేది కాలనీ వాట్సాప్ గ్రూపు ఒకటే, ఇది వాళ్ళ కంట పడదులే అనే ధైర్యం కూడా ఉంది.

నా దగ్గర ఒక పాత డీఎస్ఎల్ఆర్ ఉంది, దాంతోపాటే వచ్చిన 18-55 లెన్సు. పాప పుట్టినప్పుడు కొన్నది, పాప ఇప్పుడు ఐదో క్లాసు, కెమెరా మాత్రం బీరువాలో పట్టుచీరల కింద అట్లే పడుంది. మొన్నామధ్య ఆఫీసులో ఒకాయన ఫోన్లో ఒక ఫోటో చూపించినాడు, నడిమధ్యలో ధ్రువ నక్షత్రం, చుట్టూ మిగతా చుక్కలన్నీ గాజుల మలారం పేర్చినట్టు గుండ్రంగా గీతలు. దీనికి టెలిస్కోపులు గిలిస్కోపులు ఏమీ అక్కర్లేదన్నా, మామూలు కెమెరా చాలు అన్నాడు. ఈ "చాలు" అనే మాట నమ్మి నేను జీవితంలో శానా చెడిపోయినా.

లెక్క తేలికే. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతాది, మనం కెమెరా కదలకుండా పెట్టి ఒక్కోటి 30 సెకన్ల చొప్పున వరసగా ఫోటోలు తీసుకుంటా పోతే చాలు, తర్వాత కంప్యూటర్లో అన్నీ ఒకదాని మీద ఒకటి పరిస్తే చుక్కలు గీతలైపోతాయి. ఇంకో మంచి సంగతి ఏందంటే ధ్రువుడు ఎంత ఎత్తులో కనిపిస్తాడనేది మన ఊరి అక్షాంశాన్ని బట్టి ఉంటాది. ఢిల్లీ వాళ్ళకి 28 డిగ్రీల పైన, తిరుపతిలో మనకి పదమూడున్నర. చెయ్యి ముందుకి చాపి పిడికిలి పడితే అది దాదాపు 10 డిగ్రీలు, దాని మీద ఇంకో రెండు వేళ్ళు పెట్టుకోండి, అక్కడుంటాడు. మా మిద్దె మీంచి ఉత్తరానికి చూస్తే ఆ పిడికిలి నిండా కొండే, కొండ అంచు మీద రెండు వేళ్ళెత్తులో ధ్రువుడు. అంటే కింద ఏడుకొండలు, గాలిగోపురం దగ్గర శంఖు చక్ర నామాల లైట్లు, పైన గుండ్రంగా తిరిగే చుక్కలు. ఫోటో తియ్యకముందే మనసులో దానికి ఫ్రేము కట్టించేసి, హాల్లో మేకు యాడ కొట్టాలో కూడా చూసి పెట్టుకున్నా.

అడ్డం ఒక్కటే, మా వీధి మూల లైటు.

దీని గురించి కొంచెం చెప్పాలి. మా అసోసియేషన్ పెద్దమనిషి పోయిన సంవత్సరం పట్టుబట్టి పెట్టించిన 200 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు. లైటన్నాక నేల మీద పడాల గదా, దీన్ని మొహం పైకెత్తి కట్టించినాడు. దాని కింద రోడ్డు మీద గుంత కనపడదు గానీ పైన గబ్బిలాలు కావాలంటే పేపరు చదువుకోవచ్చు. ఆ వెలుతురుకి మా మిద్దె మీది ఆకాశం మజ్జిగ నీళ్ళ రంగులో ఉంటాది, పెద్ద చుక్కలు ఓ పది కనబడితే గొప్ప. సార్, అమావాస్య రోజు ఒక్క గంట ఆర్పుకోవచ్చా అని మర్యాదగా పోయి అడిగినా. ఎందుకన్నాడు. చుక్కలు ఫోటో తీయాలన్నా. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "చుక్కలు యాడికి పోతాయి సార్, దొంగలొస్తే మీరు బాధ్యత తీసుకుంటారా? రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, మీటింగులో పెడదాం" అన్నాడు. మీటింగు ఉగాది తర్వాతంట.

ఆ లైటు అమావాస్య రాత్రి 11 గంటల 50 నిమిషాలకి ఎట్ల ఆరిపోయిందో నేనిక్కడ చెప్పదల్చుకోలేదు. పోలు కింద డబ్బాకి తాళం వెయ్యకపోవడం అసోసియేషన్ తప్పు, అంతవరకు చెప్పగలను.

ట్రైపాడ్ ఉంది గానీ దాని మీద కెమెరాకి బిగించే చిన్న బిళ్ళ పోయింది. అగ్గిపెట్టంత ఉంటాది, అది లేకపోతే ట్రైపాడంటే ఉట్టి మూడుకాళ్ళ కర్ర. అందుకని ఊరి నుంచి మా అమ్మ పంపిన చెనక్కాయల మూట, తెల్ల గోతంలో 5 కిలోలు, దాన్ని ఉత్తరం పక్క పిట్టగోడ మీద పెట్టి అందులో కెమెరాని గుడ్లు పొదిగే కోడిలాగా కూర్చోబెట్టినా. బటన్ నొక్కితే మూటలో కాయలు గలగలమని సర్దుకుంటాయి, ఫోటో అదిరిపోతాది, అందుకే 10 సెకన్ల టైమర్ పెట్టినా. నొక్కినాక పది సెకన్లు కెమెరా మొహాన చిన్న ఎర్ర లైటు టక్కు టక్కుమని వెలిగి ఆరతా ఉంటాది, ఆఖరి రెండు సెకన్లు ఆరకుండా వెలిగి, ఆమీదట ఫోటో మొదలవతాది. ఇది గుర్తుపెట్టుకోండి.

చీకటికి మన కళ్ళు పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడతాది, తెల్ల లైటు ఒక్కసారి చూస్తే మళ్ళీ మొదటికొస్తాది, ఎర్ర వెలుతురైతే అంత ఇబ్బంది లేదు. అందుకని పాప స్కూలు ప్రాజెక్టులో మిగిలిన ఎర్ర జిలుగు కాయితం టార్చికి చుట్టి, దాన్ని కూడా కెమెరా పక్కనే పిట్టగోడ మీద పెట్టినా. దోమలకి ఒక కాయిలు. చలికి మంకీ క్యాపు, మా జేజి కాలం నాటి నల్ల దుప్పటి. ఫోకస్ కుదిరేదానికి అరగంట పట్టింది, చీకట్లో ఆటో ఫోకస్‌కి పట్టుకునేదానికి ఏమీ దొరక్క లెన్సు ముందుకీ వెనక్కీ పిచ్చిదాని మాదిరి తిరిగింది, ఆ గోల వదిలేయండి. మొత్తానికి ధ్రువుణ్ణి తెర మీద పెద్దది చేసి, చేత్తో ఫోకస్ తిప్పి, రింగుకి సెల్లోటేపు అంటించి మొదలుపెట్టినా. ఈశాన్యంలో సప్తర్షులు లేచి నిలబడున్నారు. ఎంత బాగుండిందో ఆకాశం, అది మాత్రం నిజం.

ఒంటి గంట అవతా ఉండగా జేబులో ఫోను వణికింది. చూస్తే అసోసియేషన్ పెద్దమనిషి. లైటు సంగతి బయటపడిపోయింది, అయిపోయినా అనుకుంటా ఎత్తినా.

"సార్, పడుకున్నారా?"

"లేదు సార్, అదీ..."

"గట్టిగా మాట్లాడొద్దు. మీ మిద్దె మీద చిరుత ఉంది."

ఇక్కడ నేను "మిద్దె మీద ఉండేది నేనే సార్" అని ఒక్క మాట అనుంటే కథ ఇంకో రకంగా ఉండేది. అనలేదు. ఎందుకనలేదంటే తిరుపతిలో చిరుత అనే మాట విన్నాక బుర్ర పనిచెయ్యదు. వేరే ఊళ్ళో చిరుత అంటే జూలో జంతువు, మనకట్ల కాదు, యూనివర్సిటీ వైపు తిరిగిందని ఒకనాడు, అలిపిరి మెట్ల పక్కన కనబడిందని ఒకనాడు వింటానే ఉంటాం, 2023లో నడిచిపోయే భక్తుల చేతికి కర్రలే ఇచ్చినారు. కాబట్టి నాకు అనుమానమే రాలేదు. మిద్దె మీద చిరుత ఉంది, నేనూ మిద్దె మీదే ఉన్నా, అంతే అర్థమైంది. మెల్లగా, మెడ ఎముకలు నాకే వినబడేంత మెల్లగా వెనక్కి తిరిగినా. నీళ్ళ ట్యాంకు పక్కన ఏదో ముడుచుకోని పడుకోనుంది. దానికి తోక కూడా ఉంది. చూస్తానే ఉన్నా, అది కదల్లేదు, నేనూ కదల్లేదు, ఊపిరి కూడా వాయిదాల్లో పీల్చుకుంటా ఉన్నా. మా ఆవిడని, బీమా కాయితాలు యాడున్నాయో తెలుసా అని అడగాలనిపించింది. తర్వాత తెలిసింది, అది మడిచిపెట్టిన టార్పాలిన్ పట్ట, తోక చీపురు.

"యాడుంది సార్?" అని గొణిగినా.

"పిట్టగోడ మీదే. ఉత్తరం పక్క."

నేను ఆనుకోనుండేదే ఉత్తరం పక్క పిట్టగోడ. అంటే ట్యాంకు దగ్గర ఒకటి, నా నెత్తిన ఇంకోటి. రెండు.

"కళ్ళు ఎర్రగా చింతనిప్పులే సార్. ఒక కన్ను అట్లే చూస్తా ఉంది, ఇంకో కన్ను కొడతా ఉంది."

"కన్ను కొడతా ఉందా?"

"టక్కు టక్కు టక్కుమని. కొట్టి కొట్టి, ఆఖర్న రెప్పెయ్యకుండా చూస్తాది, ఆమీదట ఆ కన్ను మూసేస్తాది. అరనిమిషానికి మళ్ళీ మొదలు. దూకేదానికి లెక్కేసుకుంటా ఉందని ఎదురింటామె అంటా ఉంది."

ఇంజినీరింగు చదివినోణ్ణి నేను. అప్పటికి ఆ బటన్ నలభైసార్లు నొక్కినోణ్ణి. ఐనా నాకు వెలగలేదు, రాసేదానికి ఇప్పుడు కూడా చేతులు రావడం లేదు. పైగా ఆ భయంలో నాకొచ్చిన ఆలోచన ఏందో తెలుసా? చిరుత ఎట్లాగూ వచ్చింది, చేతి దగ్గరే కెమెరా ఉంది, ఒక్క ఫోటో. చెయ్యి మెల్లగా పైకి పెట్టి, చూడకుండానే బటన్ నొక్కినా.

"మొదలుపెట్టింది!" అని ఫోన్లో కేక. "సార్, మళ్ళీ మొదలుపెట్టింది! కదలొద్దు!"

నేను కదల్లేదు.

"పక్కన తెల్లగా ఏందో పెట్టుకోనుంది సార్. ఎవురి మేకపిల్లనో ఎత్తుకొచ్చినట్టుంది పాపం."

తెల్లగా. తలెత్తి చూసినా. తెల్ల గోతం. గోతం మీద కెమెరా. కెమెరా మొహాన టక్కు, టక్కు, టక్కు. పక్కన ఎర్ర జిలుగు కాయితం చుట్టిన టార్చి, యెప్పుడు దొర్లిందో ఏమో, వీధి పక్కకి తిరిగి రెప్పెయ్యకుండా చూస్తా ఉంది.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చిరుత కళ్ళు వాటంతట అవి వెలగవు. వాటి కంటి వెనకాల అద్దం మాదిరి ఒక పొర ఉంటాది, మనం టార్చి కొడితే ఆ వెలుతురు తిరిగొచ్చి మెరుస్తాది, అంతే. కారు చీకట్లో సెకనుకోసారి లెక్కపెట్టినట్టు ఎర్ర కన్ను కొట్టే చిరుత శేషాచలంలోనే కాదు, యాడా ఉండదు. ఇంతమందిలో ఒక్కరికైనా ఇది తట్టుండకూడదా? నాకు తట్టలేదు సరే, నేను భయంలో ఉన్నా. వాళ్ళు ఇళ్ళల్లో తలుపులేసుకోని కిటికీల్లోంచి తీరిగ్గా చూస్తా ఉన్నోళ్ళు గదా.

సరే, గుట్టు చప్పుడు కాకుండా అన్నీ సర్దుకోని దిగిపోదామని లేచినా. మంకీ క్యాపు, నల్ల దుప్పటి, ఒక చేతిలో మూట.

"లేచిందిరోయ్!" అని ఎవరో అరిచినారు. పళ్ళేలు వాయించినారు. వీధిలోంచి పది టార్చిలు ఒక్కసారి నా మొహాన పడినాయి. అంతలో ఎవరో మహానుభావుడు పోలు దగ్గరికి పోయి డబ్బా తెరిచి స్విచ్చేసినాడు. 200 వాట్లు. అమావాస్య అర్ధరాత్రి, నల్ల దుప్పటి కప్పుకోని, చేతిలో మూటతో, కాళ్ళ దగ్గర కాయిలు పొగ లేస్తా ఉంటే, ఎర్ర దీపం పక్కన నేను. చిరుత కాదని అందరికీ తెలిసిపోయింది గానీ గ్రూపులో అప్పటికప్పుడు చేతబడి పార్టీ ఒకటి తయారైంది.

చప్పుడుకి మా ఆవిడ పైకొచ్చింది. వీధినిండా జనం, కర్రలు, టార్చిలు, నేను. అన్నీ ఒకసారి చూసి, "చెనక్కాయలు మిద్దె మీదికి ఎందుకు తెచ్చినావు?" అనింది.

ఫోటోల సంగతి అడగద్దు. ఐనా చెప్తా. నలభై వచ్చినాయి, ఆ లెక్కన భూమి ఏడు డిగ్రీలు తిరిగింది. నొక్కినప్పుడల్లా మూటలో కాయలు సర్దుకున్నాయి గదా, గాజుల మలారం బదులు అలిపిరి మెట్ల మాదిరి ఒక్కో చుక్కా ఎగుడు దిగుడుగా ఎక్కింది. పాపం ధ్రువుడు, ఆయన కూడా మెట్లెక్కినాడు. చిరుత కోసం నొక్కిన ఫోటో ఐతే మొత్తం తెలుపు.

ఉగాది దాకా జరగదన్న మీటింగు మర్రోజు సాయంత్రమే జరిగింది. లైటార్పినోడెవడో తేలాలన్నారు, నేను కూడా గట్టిగానే తేలాలన్నా. తీర్మానం ఏందంటే ఇంకో రెండు ఫ్లడ్ లైట్లు, అందులో ఒకటి సరాసరి మా మిద్దె వైపుకి. ఇంటికి 600. ఇచ్చినా, రసీదు మీద "చిరుత లైటు నిమిత్తం" అని రాసినారు.

నిన్న పెద్దమనిషి ఇంటికొచ్చి మజ్జిగ తాగి, "మీ దగ్గర మంచి కెమెరా ఉంది గదా సార్, లైట్ల ఓపెనింగు మీరే ఫోటో తీయాల" అన్నాడు. పగలే పెట్టుకుందాం సార్ అన్నా.

"పగలేం బాగుంటాది సార్, చీకట్లోనే గదా మీ కెమెరా బాగా పనిచేసేది" అన్నాడు.