సూట్‌కేసులో వచ్చేదానికి లేబుల్ ఎవరు చదువుతున్నారు?

అమెరికాలో ఉండే మన తెలుగు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో షాంపూ చర్చ మొదలైతే ఒక పట్టాన ఆగదు. పాడవకుండా కలిపే పారాబెన్ ఉందా, నురగ కోసం కలిపే సల్ఫేట్ ఉందా, పిల్లల సన్‌స్క్రీన్‌లో ఏం కలిపారు... కొట్లో నిలబడి ఫోన్లో యాప్ తీసి బార్‌కోడ్ స్కాన్ చేసి, ఎర్ర మార్కు వస్తే సీసా వెనక్కి పెట్టేస్తాం. మంచిదే, కాదనను. అయితే అదే ఇంట్లో దేవుడి గూట్లో ఉన్న కుంకుమ భరిణెనూ, సొరుగులో ఉన్న కాటుక డబ్బీనీ, ఎవరో ఇండియా నుంచి వస్తుంటే తెప్పించుకున్న ఫెయిర్‌నెస్ క్రీమునూ ఎవరం స్కాన్ చేస్తున్నాం? చేద్దామన్నా వాటిలో చాలావాటికి బార్‌కోడే ఉండదు.

మనం భయపడాల్సిన వరస తలకిందులైందని నా అభిప్రాయం. పారాబెన్ల మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. కుంకుమలో, కాటుకలో ఉండగల సీసం మీద, ఫెయిర్‌నెస్ క్రీముల్లో ఉండగల పాదరసం మీద వాదనేమీ లేదు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదని చెప్పగలిగే స్థాయి ఏదీ లేదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఎప్పటినుంచో చెబుతోంది. ఎక్కువగా ఉన్న పిల్లల్ని గుర్తించడానికి పెట్టుకున్న అంకెను కూడా 2021లో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు దించింది.

కుంకుమ సంగతి చూద్దాం. రట్గర్స్ యూనివర్సిటీ వాళ్లు పాపిట్లో పెట్టుకునే సిందూరం శాంపిళ్లు 118 పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. అందులో 95 మన న్యూజెర్సీ దేశీ కొట్లలో కొన్నవే, మిగతా 23 ముంబై, ఢిల్లీల నుంచి తెచ్చినవి. సౌందర్య సాధనాల్లో కలిపే రంగు పదార్థాల్లో సీసానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే హద్దు గ్రాముకు 20 మైక్రోగ్రాములు. న్యూజెర్సీ శాంపిళ్లలో 19 శాతం, ఇండియా శాంపిళ్లలో 43 శాతం ఆ హద్దు దాటాయి. హద్దు లోపల ఉన్నవాటిలోనూ చాలావాటిలో ఎంతో కొంత సీసం కనిపించింది.

పాత పద్ధతిలో పసుపు కొమ్ములకు సున్నం, వెలిగారం, నిమ్మరసం పట్టించి, ఎండబెట్టి, దంచి చేసే కుంకుమలో సీసానికి చోటు లేదు. చవగ్గా నిగనిగలాడే ఎరుపు కావాలన్నప్పుడే సీసం రంగులు వచ్చి చేరతాయి. మరి ఇంట్లోనే చేసుకుంటే సరిపోతుందా అంటే, ఆ పసుపు ఎక్కడిదన్నది ఇంకో ప్రశ్న. పసుపు కొమ్ములకు మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు పూసిన ఉదంతాలు బంగ్లాదేశ్‌లో బయటపడ్డాయి. చేత్తో నలిపి, వాసన చూసి, నీళ్లలో వేసి సీసం ఉందో లేదో చెప్పడం ఎవరి వల్లా కాదు. అది యంత్రానికే తెలుస్తుంది.

నుదుటి మీద పెట్టుకుంటే ఒంట్లోకి ఎలా పోతుందని చాలామంది అడుగుతారు. నిజమే, చర్మం గుండా పోయేది తక్కువ. కానీ వ్రతం రోజున మన వేళ్లను ఒక్కసారి గమనించండి. అష్టోత్తరం చదువుతూ చిటికెడు చిటికెడు కుంకుమ వేస్తాం. వేళ్లు ఎర్రగా ఉంటాయి. కొంగుకో, పేపర్ టవల్‌కో తుడుచుకుని అదే చేత్తో పులిహోర వడ్డిస్తాం. చంకలో ఉన్న పాప అమ్మ బొట్టు చెరిపి ఆ వేలు నోట్లో పెట్టుకుంటుంది. సీసానికి అంతకంటే దగ్గర దారి ఏముంటుంది?

ఈ మాటే కిందటి బతుకమ్మ ఏర్పాట్లప్పుడు అంటే, వాలంటీరుగా వచ్చిన ఒక చెల్లెలు, "అక్కా, గుడి కుంకుమ కదా, దానికి కూడా అనుమానమేనా?" అంది. దేవుడి మీద నాకు అనుమానం లేదమ్మా, హోల్‌సేల్ బస్తా మీద ఉంది. కొన్ని ప్యాకెట్ల మీద "పూజకు మాత్రమే" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పూజయ్యాక కుంకుమ నుదుటికే చేరుతుందని అమ్మేవాళ్లకు తెలియదా?

కాటుకది ఇంకా సున్నితమైన విషయం, ఎందుకంటే అక్కడ మనం వాదించాల్సింది పెద్దవాళ్లతో. అమెరికాలో కాటుకను, సుర్మాను రంగు పదార్థంగా అనుమతించనే లేదు. కొన్ని రకాల సుర్మాలో సగానికి పైగా సీసమే ఉంటుంది. అయినా మనవడు పుట్టాడని విజిటర్ వీసా మీద వచ్చే అమ్మమ్మల, నాయనమ్మల హ్యాండ్‌బ్యాగులో ఒక డబ్బీ ఉంటుంది. వాళ్లను తప్పుపట్టి ఏం లాభం? వాళ్ల చిన్నప్పుడు కాటుక అంటే ఆముదం దీపం మసి. పసిపిల్లల బొట్టుకు సగ్గుబియ్యం మాడ్చి, నీళ్లు పోసి ఉడికించి, కొబ్బరి చిప్పలో ఆరబెట్టిన చాదు ఉండేది. ఇప్పుడు కొట్లో కొనే డబ్బీలో ఏముందో వాళ్లకూ తెలియదు, మనకూ తెలియదు. దిష్టి చుక్క కావాలంటే అరికాలికి చాదు పెడదాం అత్తయ్యా, కళ్లకు మాత్రం ఏమీ వద్దని నెమ్మదిగా చెబితే వినని పెద్దవాళ్లు తక్కువ.

ఇంకొక మాట. న్యూజెర్సీలో ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ల వయసులో ఒకసారి పిల్లల రక్తంలో సీసం పరీక్ష తప్పనిసరి. అంకె ఎక్కువ వస్తే ముందుగా ఇల్లు ఎప్పటిదని అడుగుతారు. 1978కి ముందు కట్టిన ఇళ్ల గోడల పెయింట్లో సీసం ఉండే అవకాశం ఉంది మరి. మనవాళ్లు ఉండేది కొత్త టౌన్‌హోముల్లో. "లేదండీ, కొత్త ఇల్లు" అని చెప్పి ఊరుకుంటారు. డాక్టరు అడిగినా అడగకపోయినా కుంకుమ, కాటుక, ఊరి నుంచి తెచ్చిన పసుపు, పసరు మందుల సంగతి మనమే చెప్పాలి.

ఫెయిర్‌నెస్ క్రీముల విషయంలో మాత్రం నాకు ఓపిక లేదు. పెళ్లికి నెల ముందు పిల్లకు "కొంచెం కలర్ రావాలి" అని పార్లర్ వాళ్లిచ్చే పేరులేని డబ్బా ఉంటుందే, దాని గురించి. పాదరసం చర్మంలో మెలనిన్ తయారు కాకుండా అడ్డుపడుతుంది కాబట్టి రంగు మారడం నిజమే. ఆ తర్వాత కిడ్నీల వంతు. కేరళలోని కొట్టక్కల్ డాక్టర్లు 2021 నుంచి 2023 దాకా తమ దగ్గరికి వచ్చిన ఒక అరుదైన రకం కిడ్నీ జబ్బు రోగులు 15 మందిని ఆరా తీస్తే, 13 మంది ఇలాంటి క్రీములు వాడినవాళ్లని తేలింది. కాళ్లు వాచడం, మూత్రంలో నురగ రావడం దాని లక్షణాలు. పైగా పాదరసం ఆ అమ్మాయి ముఖంతో ఆగదు. తువ్వాళ్లకు, దిండు గలీబులకు అంటుతుంది, ఆవిరై ఇంట్లో గాలిలో కలుస్తుంది, క్రీము ముట్టుకోని పసిపిల్లల ఒంట్లోకీ చేరుతుంది. డబ్బా మీద మెర్క్యురీ, మెర్క్యురిక్, కాలొమెల్ అనే మాటల్లో ఏది కనిపించినా, అసలు పదార్థాల జాబితాయే లేకపోయినా పక్కన పెట్టేయండి. చెత్తబుట్టలోనో సింకులోనో వేయొద్దు. జిప్ కవరులో మూసి, కౌంటీ వాళ్లు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. పిల్లకు రంగు ఎందుకు రావాలన్న ప్రశ్న నేనిక్కడ ఎత్తుకోను, ఎత్తుకుంటే పేజీలు చాలవు.

ప్రభుత్వం చూసుకోదా అంటారు కొందరు. అమెరికాలో రంగు పదార్థాలకు తప్ప, సౌందర్య సాధనాలకు అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. 1938 నాటి చట్టాన్ని గట్టిగా సవరించింది 2022 చివర్లోనే. దాంతో కంపెనీలు తయారీ కేంద్రాలను నమోదు చేయాలి, తీవ్రమైన హాని జరిగితే తెలియజేయాలి, ఎఫ్‌డీఏ సరుకును వెనక్కి తీసుకోమని ఆదేశించనూవచ్చు. బాగానే ఉంది. కానీ చీరల మధ్య చుట్టి పెట్టిన డబ్బాకు ఈ చట్టం ఏం చేస్తుంది?

అందుకే మన తెలుగు సంఘమే ముందుకు రావాలంటున్నాను. ఉగాదికి, బతుకమ్మకు, కల్యాణాలకు గుమ్మం దగ్గర బొట్టు పెట్టేది మనం, తాంబూలం కవర్లలో కుంకుమ పొట్లాలు వేసేది మనం. ల్యాబ్ రిపోర్టు చూపించలేని సరుకు కొనబోమని కమిటీ తీర్మానం చేయాలి. పిల్లల ముఖాలకు రంగులు వేసే బూత్‌కూ, "బ్లాక్ మెహెందీ" బూత్‌కూ ఇదే నియమం. గోరింటాకు నల్లగా పండదు. ఆ నలుపు కోసం తరచూ కలిపేది జుట్టు రంగులో వాడే పీపీడీ. బొబ్బలెక్కడమే కాదు, తర్వాత జుట్టుకు రంగు వేసుకున్న ప్రతిసారీ అలర్జీ తిరగబెట్టవచ్చు.

పరీక్షకు ఎంతవుతుందని ట్రెజరర్ గారు అడుగుతారని నాకు తెలుసు. స్టేజీ పూలకు మనం పెట్టే ఖర్చు ముందు అది ఏ మూలకూ రాదు.